గ్యాస్ పట్టించినా ఆగని నీళ్లు: ఒక స్ప్లిట్ ఏసీ కేసు

మే ఆఖరి వారం, రోహిణి కార్తె మొదలైన రెండో రోజు. విజయవాడలో ఏసీ పని చేసేవాళ్లకు ఆ పదిహేను రోజులూ అన్నం తినే తీరిక ఉండదు. పటమట నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. మూడో అంతస్తు ఫ్లాట్, పడమటి గోడ ఉన్న బెడ్‌రూమ్, ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్, కొని ఐదేళ్లయింది, లోపల ఆర్32 గ్యాస్. ఫిర్యాదు ఆయన మాటల్లోనే చెబుతాను: "పడుకునేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటుందయ్యా. రాత్రి రెండు దాటాక ఉక్కపోత. పొద్దున లేచి ఆపేశాక మంచం మీద వాన."

అప్పటికే ముగ్గురు వచ్చి వెళ్లారు. మాస్టారు రిటైరైన లెక్కల టీచరు, ప్రతి ఖర్చూ డైరీలో రాసుకుంటారు. మార్చి 9న రెండు బెడ్‌రూముల ఏసీలకూ ఫోమ్ వాష్, 1,200 రూపాయలు. ఏప్రిల్ 21న గ్యాస్, 2,500. దాని పక్కనే "ప్రెజర్ 95 ఉందట, 140కి తెచ్చాడట" అని రాసుకున్నారు. మే 12న డ్రెయిన్ పైపు కొత్తది, 650. నేను నాలుగోవాణ్ని. ముగ్గురు చూసి వదిలేసిన మెషీన్ దగ్గరకు వెళ్లాలంటే నాకు కొంచెం టెన్షనే. ఎందుకంటే అసలు జబ్బుతో పాటు వాళ్లు చేసిన పనులు కూడా అందులో కలిసిపోయి ఉంటాయి.

ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడిగాను. నీళ్లు ఏసీ నడుస్తున్నప్పుడు పడుతున్నాయా, ఆపాక పడుతున్నాయా? ఎక్కువగా ఆపాకే అన్నారు. డ్రెయిన్ మూసుకుపోతే నడుస్తుండగానే ట్రే నిండి, అరగంటకో గంటకో ఒక మూల నుంచి కారడం మొదలవుతుంది. ఆపాక కురిసిందంటే లోపల ఏదో కరుగుతున్నట్టు. రెండో ప్రశ్న: ఉక్కపోసే వేళకు బయటి మెషీన్ ఆగిపోతోందా? "లేదు, దాని మోత వినబడుతూనే ఉంది" అన్నారు. కంప్రెసర్ నడుస్తోంది, గదిలోకి చల్లదనం రావట్లేదు. అంటే తయారైన చలి ఎక్కడో ఇరుక్కుపోతోంది.

"రేపు పదకొండింటికి వస్తాను మాస్టారూ. ఎనిమిదింటికే ఏసీ వేసి, రాత్రి ఎలా పెడతారో అలాగే పెట్టి ఉంచండి. నేను వచ్చేదాకా ఆపొద్దు" అని చెప్పాను. ఇది నేను చాలా ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి. మనం వెళ్లేసరికి ఏసీ ఆపి ఉంటే లోపలి మంచు కరిగిపోతుంది, మళ్లీ వేస్తే అరగంట పాటు అంతా బాగానే కనిపిస్తుంది. నా కంటే ముందు వచ్చిన ఇద్దరికి జరిగింది ఇదేనని నా అనుమానం.

మర్నాడు వెళ్లేసరికి రిమోట్ మీద 18, ఫ్యాన్ అన్నిటికంటే తక్కువ స్పీడు. ఇన్‌డోర్ గ్రిల్ దగ్గర థర్మామీటర్ పెడితే 8 డిగ్రీలు. పైనుంచి లోపలికి పీల్చుకునే రిటర్న్ గాలి 29. తేడా 21 డిగ్రీలు! థర్మామీటర్ ఒక్కటే జేబులో పెట్టుకుని తిరిగేవాడైతే "సూపర్ కూలింగ్ సార్" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. మా వైపు ఉక్కలో మంచి ఏసీకి ఈ తేడా 10 నుంచి 14 మధ్య ఉంటుంది. ఇరవై దాటితే నేను సంతోషించను, భయపడతాను. కాయిల్ (లోపల గాలిని చల్లబరిచే పైపుల, రేకుల అమరిక) మీదుగా గాలి తగినంత పోవట్లేదు, ఉన్న కాస్త గాలీ విపరీతంగా చల్లబడుతోంది అని దానర్థం.

ఫ్యాన్‌ని ఫుల్ స్పీడులో పెట్టించి గాలిమీటర్‌తో గ్రిల్ పొడవునా ఐదు చోట్ల కొలిచాను. సగటున సెకనుకు 1.6 మీటర్లు. ఈ సైజు మెషీన్‌కి నాలుగు, నాలుగున్నర రావాలి. చెయ్యి పెడితే మాత్రం గడ్డకట్టేంత చల్లగా ఉంది. అందుకే ఇంట్లోవాళ్లకు గాలి తగ్గిందన్న అనుమానమే రాలేదు.

ముందు ప్యానెల్ ఎత్తాను. ఫిల్టర్లు తళతళలాడుతున్నాయి. ప్రతి ఆదివారం మాస్టారే కడుగుతారట. ఫిల్టర్ వెనక టార్చ్ వేస్తే కాయిల్ మొత్తం తెల్లగా, అంచు నుంచి అంచు వరకు ఒకే మందంలో మంచు. మా కుర్రాడు "అన్నా, ఫ్రీజర్" అన్నాడు. నిజమే. రేకుల మధ్య సందు మిల్లీమీటరున్నర కూడా ఉండదు, అందులో మంచు పట్టాక గాలి పోయే దారే లేదు. టన్ను అంటే ఏమిటని కస్టమర్లు అడిగితే, ఒక టన్ను మంచును 24 గంటల్లో కరిగించడానికి పట్టేంత వేడిని లాగేసే శక్తి అని చెబుతుంటాను. అదీ మన వెయ్యి కిలోల టన్ను కాదు, అమెరికా వాళ్ల 907 కిలోల టన్ను. మంచు లెక్కతో పేరు పెట్టుకున్న మెషీన్ ఇలా మంచు తయారుచేస్తూ కూర్చోకూడదు మరి.

ఆ తర్వాత బాల్కనీలోకి వెళ్లి అవుట్‌డోర్ వాల్వులు చూశాను. ప్రెజర్ గేజ్ తగిలించక ముందే చాలా సంగతి చెప్పే చోటు ఇది. ఇలాంటి ఇన్వర్టర్ స్ప్లిట్లలో చాలావాటికి గ్యాస్‌ని విస్తరింపజేసే భాగం అవుట్‌డోర్‌లోనే ఉంటుంది. అందువల్ల గ్యాస్ తక్కువైతే సన్న పైపు వాల్వు మీద మంచు పడుతుంది, లోపల కాయిల్‌లో కూడా మొదటి రెండు మూడు వంపులే మంచు కట్టి మిగతాది వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఇక్కడ మంచు లావు పైపు వాల్వు మీద ఉంది, కాయిల్ ఆసాంతం సమానంగా గడ్డకట్టింది. ఇది గ్యాస్ కొరత ముఖం కాదు, గాలి కొరత ముఖం.

గేజ్ తగిలించలేదు. గేజ్ పెట్టి తీసిన ప్రతిసారీ కాస్త గ్యాస్ బయటికి పోతుంది. పైగా ఇన్వర్టర్ మెషీన్‌లో కంప్రెసర్ ఏ వేగంలో తిరుగుతోందో తెలియకుండా ప్రెజర్ చూసి ఒక నిర్ణయానికి రావడం, బస్సు ఏ స్టాపులో ఉందో తెలియకుండా టైమ్ చూసి లేటైందో లేదో చెప్పినట్టే.

డైరీలో 95 అని ఉంది కదా. ఆర్32కి సున్నా డిగ్రీల దగ్గర ప్రెజర్ సుమారు 103 పీఎస్ఐ. 95 అంటే కాయిల్ లోపల మైనస్ రెండు. ఏప్రిల్‌లో వచ్చినతను చూసిన అంకె తప్పు కాదు. గాలి తగలని కాయిల్‌లో గ్యాస్ మరగడానికి కావలసిన వేడి అందదు, కంప్రెసర్ గ్యాస్‌ని పీల్చుకునే వైపు ప్రెజర్ (సక్షన్ ప్రెజర్) పడిపోతుంది. గ్యాస్ తక్కువైనా అదే అంకె వస్తుంది. అతను రెండో కారణమే అనుకున్నాడు, 140 వచ్చేదాకా నింపాడు. మే నెలలో వచ్చినతనికి డ్రెయిన్ పైపు చివర చుక్క కూడా కనిపించలేదు. నీళ్లన్నీ మంచై కాయిల్‌ని పట్టుకుని ఉంటే పైపులోకి ఎక్కడి నుంచి వస్తాయి? పైపు మూసుకుపోయిందనుకుని మార్చేశాడు. పాపం, ఇద్దరూ కళ్లతో చూసినదాన్ని బట్టే పని చేశారు.

సరే, గాలి ఎందుకు తగ్గింది? ఫిల్టర్ శుభ్రం, మోటార్ శబ్దం సాఫీగా ఉంది. మిగిలింది బ్లోయర్, అంటే ఇన్‌డోర్ లోపల గాలిని తోసే చక్రం. ఏసీ ఆపి, ఎంసీబీ దించి, పది నిమిషాలు ఆగాం. ఇన్వర్టర్ బోర్డుల కెపాసిటర్లలో కరెంటు తీశాక కూడా మూడొందల వోల్టుల పైన నిలిచి ఉంటుంది, తొందరపడితే చెయ్యి కాలుతుంది. మంచు కరుగుతున్నంతసేపూ కింద బకెట్ పెట్టాం. అమ్మగారు ఆ బకెట్ చూసి "ఈ నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చా బాబూ?" అని అడిగారు. అందరిళ్లలోనూ అడిగే ప్రశ్నే. వద్దమ్మా అన్నాను. ఆవిరి నుంచి వచ్చిన నీళ్లే అయినా మురికి కాయిల్ మీదుగా, రాగీ అల్యూమినియమూ తాకుతూ వస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కాదు. మొక్కలకు పోసుకోండి, చాలు.

గాలి రెక్కను పక్కకు తిప్పి, బ్లోయర్ చక్రం మీద చూపుడు వేలు పెట్టి ఒక రెక్క వెంబడి లాగాను. బ్లోయర్ రెక్కలు సన్నగా, చెంచాలా వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపులోనే గాలి పట్టు. నా వేలికి వంపు తగల్లేదు. మెత్తగా, దుప్పటి ముక్కలాంటిది తగిలింది. గోటితో గీకితే బూడిద రంగు పొర ఊడి వచ్చింది. కింద దూది పోగులు, మధ్యలో టాల్కం పౌడర్ లాంటి తెలుపు, పైన జిడ్డుగా నలుపు. ఆ నలుపు ఏమిటో వాసన చూస్తే తెలిసిపోయింది: సాంబ్రాణి. పూజ గది ఆ బెడ్‌రూమ్ తలుపు ఎదురే ఉంది. సాంబ్రాణి పొగ జిడ్డు ఫిల్టర్‌లో ఆగదు, నేరుగా పోయి తడి బ్లోయర్‌కి అంటుకుంటుంది, దాని మీద దూదీ పౌడరూ కూర్చుంటాయి. మార్చిలో చేసిన ఫోమ్ వాష్‌లో డబ్బాతో కాయిల్ ముందు వైపు నురగ కొట్టి తుడిచారు. కాయిల్ మెరిసిపోతోంది. దాని వెనక ఉన్న బ్లోయర్ జోలికి ఎవరూ పోలేదు.

ఫోమ్ వాష్ దండగని నేననను. ఏటా చేయిస్తూ, మూడు సర్వీసులకోసారైనా బ్లోయర్‌ని నీళ్లతో కడిగే ఇంట్లో అది సరిపోతుంది. ఇక్కడ ఐదేళ్లలో ఒక్కసారీ బ్లోయర్‌కి నీళ్లు తగల్లేదు. మామూలుగా కవర్ కట్టి జెట్ పంపుతో అక్కడికక్కడే కడుగుతాం. ఈ పొర నీటి ధారకు లొంగేది కాదనిపించి బ్లోయర్‌ని బయటికి తీశాం. మోటార్ వైపు స్క్రూ వదులు చేసి, ఎడమ వైపు బేరింగ్ విప్పి, కాయిల్‌ని కుడి పక్క కాస్త పైకెత్తి, రాగి పైపులు వంగకుండా మెల్లగా లాగాలి. ఇద్దరు మనుషుల పని. పీసీబీ (కంట్రోల్ బోర్డు) బాక్సుని ముందే విప్పి పక్కన పెట్టాం. దాని మూల ఒక బల్లి ఎండిపోయి ఉంది. మన ఊళ్లలో బోర్డులు కాలడానికి కరెంటు హెచ్చుతగ్గుల తర్వాతి నేరస్థుడు బల్లే. ఇది మాత్రం ఏ పాపమూ చేయకుండానే పోయింది.

బాత్రూములో పళ్ల బ్రష్షుతో ఒక్కో రెక్కా తోముతుంటే కాఫీ డికాక్షన్ రంగు నీళ్లు పోయాయి. మా కుర్రాడికో సరదా పుట్టింది. కడగక ముందు బ్లోయర్‌ని గ్యాస్ తూచే కాటా మీద పెట్టి ఫోటో తీశాడు. కడిగి, తుడిచి, బాల్కనీ ఎండలో ఆరబెట్టాక మళ్లీ పెట్టాడు. తేడా 58 గ్రాములు. చెంచాడు అనుకున్నది గుప్పెడు వచ్చింది. కాయిల్‌ని వెనక నుంచి, ట్రేని, కొత్త డ్రెయిన్ పైపుని, బాల్కనీలోని కండెన్సర్‌ని (అవుట్‌డోర్ కాయిల్‌ని) కూడా కడిగేశాం. డ్రెయిన్ పైపు చివర మొక్కల బకెట్‌లో మునిగి ఉంది. బకెట్ నిండితే పైపులో గాలి ఇరుక్కుని నీళ్లు వెనక్కి తంతాయి. చివర రెండంగుళాలు కోసేసి బకెట్ పైన వేలాడేలా కట్టాం.

అన్నీ బిగించి ఏసీ వేసేసరికి మధ్యాహ్నం రెండున్నర, బయట 42. గాలి సెకనుకు 4.4 మీటర్లు. రిటర్న్ 30, గ్రిల్ 17, తేడా 13. డ్రెయిన్ దగ్గర మగ్గు పెడితే పావుగంటలో 300 మిల్లీలీటర్లకు పైగా నీళ్లు. అమ్మగారు గది గుమ్మంలో నిలబడి "గాలి మంచం దాకా వస్తోందే!" అన్నారు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. డైరీలోని 2,500 నన్ను ఆపనివ్వలేదు. గ్యాస్ తగ్గని మెషీన్‌లో గ్యాస్ పోశారు, అది ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. ఇంతవరకు గాలి తక్కువ కావడంతో కాయిల్ లాగే వేడీ తక్కువే, అందువల్ల ఆ ఎక్కువ గ్యాస్ బయటపడలేదు. ఇప్పుడు పూర్తి వేడి అందుతోంది. కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే 8.7 ఆంప్స్. ప్లేట్ మీద రేటెడ్ కరెంటు 7. ఆ రేటింగ్ బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క, కాబట్టి 42లో కాస్త ఎక్కువ రావడం మామూలే. కానీ ఇంత కాదు, అదీ కండెన్సర్ కడిగిన గంటలోనే.

మాస్టారుకి విషయం చెప్పాను. "అంటే డబ్బిచ్చి పోయించుకున్నది మళ్లీ డబ్బిచ్చి తీయించుకోవాలా?" అన్నారు. అదే సార్ అన్నాను, ఇంకేమంటాను! గ్యాస్ ఏసీలో ఇంధనం లాంటిది కాదని, కాలి అయిపోయేది కాదని, పైపుల్లో తిరుగుతూ ఉండేదేనని వివరించాను. లీకైతేనే తగ్గుతుంది. లీకుంటే వెతికి మూయాలి, లేకపోతే ముట్టుకోకూడదు. "ఏటా కొంచెం గ్యాస్ తగ్గుతుంది సార్, టాప్ చేయాలి" అన్న మాట మా వృత్తికి పట్టిన చీడ. ఆ మాట చెప్పే ప్రతి ఒక్కరూ మోసగాళ్లని కూడా నేననను. ఆర్22 రోజుల్లో పైపు జాయింట్లు ఊడివచ్చిన పాత మెషీన్లతో పని నేర్చుకుని, అదే అలవాటుతో ఇన్వర్టర్ల దగ్గరకు వచ్చినవాళ్లు చాలామంది.

మర్నాడు పొద్దున చల్లపూట వెళ్లాం. ఏసీలోని గ్యాస్‌ని బయటికి పోనివ్వకుండా సిలిండర్‌లోకి లాగే రికవరీ మెషీన్ ఒకటి మా ఏరియాలో నలుగురం కలిసి కొనుక్కున్నాం, దాన్ని పట్టుకెళ్లాం. గాలిలోకి వదిలేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయే పనికి ఈ తంటా ఎందుకని కొందరు నవ్వుతారు. ఆర్32 భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి 675 రెట్లు. ఆర్410ఎ అనే ఇంకో ఏసీ గ్యాస్‌కి అది రెండు వేల రెట్లు దాటుతుంది కాబట్టి ఆర్32 మేలే, కానీ గాలిలోకి వదిలేసేంత మేలు కాదు. పైగా కొద్దిగా మండే గుణం ఉంది, గాలి కంటే బరువు, మూలల్లో నేల మీద పేరుకుంటుంది. తలుపులు, కిటికీలు తీయించి, అమ్మగారిని ఆ గంటసేపు దీపం, అగరువత్తి వద్దన్నాను.

మెషీన్ లోంచి తీసిన గ్యాస్ తూస్తే 945 గ్రాములు వచ్చింది. ప్లేట్ మీద 780. ఆయిల్‌లో కలిసి మిగిలినది ఎలాగూ రాదు, కాబట్టి నిజంగా ఎక్కువైనది 165 కంటే ఇంకాస్త ఉంటుంది. నైట్రోజన్ నింపి అరగంట ఉంచాం, సూది కదల్లేదు, పైపులు కలిసే ఫ్లేర్ నట్ల దగ్గర సబ్బు నురగ పొంగలేదు. లీకు లేదు. ఎప్పుడూ లేదు. వాక్యూమ్ పంపు నలభై నిమిషాలు నడిపి 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందకు దించి, పది నిమిషాలు మూసి ఉంచి చూసి, కాటా మీద 780 గ్రాములు కొలిచి నింపాం. పైపు పొడవు మూడు మీటర్లే కాబట్టి అదనంగా ఏమీ కలపనక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వెళ్లి చూస్తే, దాదాపు అదే ఎండలో 7.5 ఆంప్స్. బిల్లు ఇచ్చి వచ్చేశాను. నా జాబ్ కార్డు మీద "పూర్తి" అని రాశాను.

నాలుగో రోజు పొద్దున ఆరున్నరకు ఫోన్. "నాయనా, మళ్లీ వాన."

అబద్ధమెందుకు, మొదట నాకు వచ్చిన ఆలోచన మాస్టారు ఏదో పొరపాటు పడ్డారనే. బ్లోయర్ నా చేతులతో కడిగాను, గ్యాస్ నా కాటా మీద తూచాను. దారి పొడవునా బండి మీద నాతో నేనే వాదించుకున్నాను. ఇంటికి వెళ్లి ప్యానెల్ తీస్తే కాయిల్ కింది సగం మీద ఇంకా కరగని మంచు. నా కళ్ల ముందే ఒక పెళ్ల జారి ట్రేలో పడింది, నీళ్లు అంచు దాటి చిందాయి.

గాలి కొలిచాను: ఫుల్ స్పీడులో 4.4, మారలేదు. గ్యాస్ అంతే ఉంటుంది. మారినదేమిటి? మంచం అంచున కూర్చుని మాస్టారుని రాత్రి ఏమేం చేశారో మొదటి నుంచి చెప్పమన్నాను. పగలు నేను చూసింది ఫుల్ స్పీడులో. రాత్రి ఆయన పెట్టేది 18లో, ఫ్యాన్ అన్నిటికంటే నెమ్మదిగా. శబ్దం ఉంటే అమ్మగారికి నిద్ర పట్టదు. మొదటి రోజు రిమోట్ మీద ఆ సెట్టింగ్ నేనే చూశాను, చూసి ఫుల్‌లో పెట్టించి కొలిచాను, మళ్లీ అటు పోలేదు. అది నా తప్పు.

అయితే ఆ సెట్టింగ్ మాత్రమే తప్పు అనడానికి లేదు. 18లో, నెమ్మది ఫ్యాన్‌లో పెట్టుకునే ఇళ్లు వేలున్నాయి, వాళ్లందరి మంచాల మీదా వాన కురవట్లేదు. కాయిల్ సున్నా దగ్గరకు దిగుతుంటే కంప్రెసర్ వేగం తగ్గించడానికో, ఆపడానికో మెషీన్‌లోనే కాపలా ఉంటుంది. ఇన్‌డోర్‌లో రెండు సెన్సర్లు. ఒకటి గది గాలిని కొలిచేది, కాయిల్ ముందు ప్లాస్టిక్ క్లిప్పులో ఉంటుంది. రెండోది కాయిల్ వంపుకి అతికించిన చిన్న రాగి గొట్టంలో దూరి ఉంటుంది, పైపు ఎంత చల్లగా ఉందో బోర్డుకి చెప్పేది అదే. ఆ కాపలావాడు నిద్రపోతే తప్ప ఇంత మంచు కట్టదు. ఈ ఆలోచన మొదటి రోజే రావాలి. బ్లోయర్ అంత మురికిగా కనిపించేసరికి దొంగ దొరికేశాడనుకుని ఇల్లంతా వెతకడం మానేశాను.

కుడి వైపు మూత తీసి టార్చ్ వేశాను. రాగి గొట్టం ఖాళీ. సెన్సర్ దానికి జానెడు దూరంలో, వైర్ల కట్టతో పాటు ప్లాస్టిక్ ట్యాగ్‌తో చక్కగా బిగించి, పీసీబీ బాక్సు వెనక నిలబడి ఉంది. బోర్డు వేడి, గది గాలి తగిలే చోటు. కాయిల్ మైనస్ మూడులో ఉన్నా అది బోర్డుకి "ఇరవై, ఇరవై రెండు" అని చెబుతూ ఉంటుంది. బోర్డు నమ్మి కంప్రెసర్‌ని పరిగెత్తిస్తూ ఉంటుంది. ఎర్రర్ కోడ్ ఎందుకు రాలేదంటారా? సెన్సర్ తెగితేనో షార్టయితేనో కోడ్ వస్తుంది. బతికున్న సెన్సర్ తప్పు చోట కూర్చుంటే బోర్డుకి తెలిసే దారి లేదు.

సెన్సర్ కూడా చెడిందేమో అని రెండింటి కనెక్టర్లూ ఊడదీసి, అమ్మగారిని గ్లాసు నిండా ఐసు ముక్కలు, నీళ్లు అడిగాను. రెండు సెన్సర్లూ అందులో ముంచి ఐదు నిమిషాలు ఆగి మీటర్ పెడితే రెండూ 30 కిలో ఓమ్‌లకు అటూ ఇటూ, ఒకదానికొకటి దగ్గరగా. బయటికి తీసి ఆరాక రెండూ పది కిందకు వచ్చాయి. ఈ రకానికి 25 డిగ్రీల దగ్గర పది ఉండాలి, గది అంతకంటే వేడిగా ఉంది. సెన్సర్లు రెండూ బంగారం.

గొట్టంలో సెన్సర్‌ని పట్టి ఉంచే చిన్న స్ప్రింగ్ క్లిప్పు లేదు. ఎప్పుడో పడిపోయి ఉంటుంది. నా సంచిలో పాత మెషీన్లలోంచి తీసి దాచుకున్న క్లిప్పుల డబ్బా ఉంది. ఒకటి సరిపోయింది. సెన్సర్‌ని గొట్టంలోకి నొక్కి, క్లిప్పు జారకుండా లాగి చూసి, వైరులో కిందికి వేలాడే ఒక వంపు వదిలాను. పైపు మీద నుంచి జారే నీటిబొట్టు కనెక్టర్ దాకా పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఈసారి పగటి పరీక్షతో ఊరుకోలేదు. ఆ సాయంత్రం ఎనిమిదిన్నరకు మళ్లీ వెళ్లి, 18లో, నెమ్మది ఫ్యాన్‌లో పెట్టి, అవుట్‌డోర్ వైరుకి క్లాంప్ తగిలించి, కాయిల్ వంపుకి ఒక థర్మామీటర్ ముల్లు టేపుతో అంటించి, బాల్కనీ గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాను. మొదట 5.8 ఆంప్స్, కాయిల్ 9. ముప్పావుగంటకు కాయిల్ 5. పదింటికి 3. అప్పటిదాకా కదలని అంకె మొదటిసారి జారింది: 5.1, 4.4, 3.6. కంప్రెసర్ మోత మూలుగులోకి దిగింది. కాయిల్ 2 దాకా వెళ్లి అక్కడే కాసేపు ఊగిసలాడి 4కి ఎక్కింది. 2.3 ఆంప్స్. మాస్టారు కూడా కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుని అంకెలు డైరీలో రాసుకున్నారు. పదకొండున్నర వరకు కాయిల్ రెండు కంటే కిందకు పోలేదు.

అప్పుడు మార్చి 9 నుంచి కథ అంతా వరుసలో పడింది. ఫోమ్ వాష్ చేసినతను సెన్సర్ తడుస్తుందని బయటికి లాగి ఉంటాడు. క్లిప్పు పడిపోయి ఉంటుంది. తిరిగి గొట్టంలో నిలవకపోతే వైర్లతో కలిపి కట్టేశాడు. ఆ ట్యాగ్ కొత్తది, కంపెనీ ట్యాగులు రంగు మారి పసుపెక్కితే ఇది ఇంకా తెల్లగా ఉంది. బ్లోయర్ మురికి అంతకు ముందు నుంచీ ఉన్నదే. కానీ సెన్సర్ తన చోట ఉన్నన్నాళ్లూ మంచు కట్టేలోపే కంప్రెసర్ తగ్గిపోయేది. కూలింగ్ నీరసంగా ఉండేదే తప్ప వాన ఉండేది కాదు. "కిందటి వేసవిలో కొంచెం మందంగా ఉందనిపించిందయ్యా, అందుకే మార్చిలో సర్వీస్ చేయించాం" అని మాస్టారు ఇప్పుడు గుర్తుచేసుకున్నారు. ఆ నీరసానికి చేయించిన సర్వీసే కాపలాదారుణ్ని తప్పించింది.

రెండోసారి వచ్చినందుకు డబ్బు తీసుకోలేదు. నా పని నేను సగంలో వదిలి వెళ్లినందుకు మళ్లీ వాళ్ల దగ్గర తీసుకోవడం బాగుండదు. 18 సంగతి మాత్రం చెప్పాను. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలన్నీ వేయగానే 24లో మొదలయ్యేలా తయారవుతున్నాయి. 24లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ ఒకటిలో తిప్పుకుంటే ఆ గదికి చాలు. అమ్మగారు ఒప్పుకున్నారు. మాస్టారు 22 దగ్గర బేరం తెగ్గొట్టారు. పూజ గది తలుపు సాంబ్రాణి వేసేటప్పుడు మూయడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు, ఆ వాసన ఇల్లంతా ఉండాలట. అయితే ఏడాదికోసారి బ్లోయర్ కడిగించుకోండి అన్నాను.

లేచి వస్తుంటే గుర్తొచ్చింది. మార్చి 9న రెండు ఏసీలకు కదా ఫోమ్ వాష్! రెండో బెడ్‌రూములో అదే కంపెనీ, అదే మోడల్. మనవలు వస్తే తప్ప వేయరట, అందుకే దాని మీద ఫిర్యాదు లేదు. రాత్రి పన్నెండు కావస్తున్నా కుడి వైపు మూత తీసి చూశాను. సెన్సర్ గొట్టంలోనే ఉంది, కానీ సగం బయటికి వచ్చి వేలాడుతోంది. క్లిప్పు లేదు. డబ్బాలో ఉన్న ఇంకో క్లిప్పు పెట్టి మూత బిగించాను.